దాటినవాళ్లు వెనక్కి దాటాలి

మొదటి నమోదు

డాక్టర్ మృదులగారూ, చేసిన వ్యాయామం ఏమిటి, ఎంతసేపు చేశాను, ఎక్కడ నొప్పి పుట్టింది, ఈ మూడే రాయమన్నారు మీరు. మూడు ముక్కల్లో ఆపే మనిషినైతే నాకీ నోరెందుకు? నేను అన్నీ రాస్తాను. మీకు అక్కర్లేనివి వదిలేసి చదువుకోండి.

ఇవాళ్టి వ్యాయామం: మీ గది నుంచి మా ఇంటిదాకా ఏడుపు ఆపుకుంటూ నడవడం. నొప్పి: మీరు చెప్పిన అంకె దగ్గర.

యాభై ఎనిమిది. నా ఎముకల మార్కు అరవై ఉండాలట, యాభై ఎనిమిదే ఉందట. గురుగ్రహపు చందమామ గనిమీడ్ మీద పుట్టి, ఒంటి బరువులో ఏడో వంతుతో నలభై నాలుగేళ్లు తేలిగ్గా తిరిగేస్తే ఎముకలు మాత్రం ఎందుకు బలంగా ఉంటాయి అన్నారు మీరు, నేనేదో కావాలని ఇక్కడ పుట్టినట్టు. అరవైకి తగ్గితే తిరగలిలో ఏడాది. మన ఊరు మంచులంక చివర గిర్రున తిరిగే ఆ డొల్లలో, భూమ్మీది మనిషి మోసేటంత బరువు మోస్తూ, ఇరవైమందితో ఒకే గదిలో ఉండాలి. అదృష్టం ఏమిటంటే అందులో మంచాలు ఖాళీ లేవు. నాలుగు నెలల దాకా ఖాళీ అవ్వవు. ఆలోపు మళ్లీ పరీక్ష చేస్తానన్నారు.

తిరగలి అంటే నాకు భయం లేదు. అబద్ధం, భయమే. కానీ అంతకంటే పెద్ద భయం నా తమలపాకు తోట గురించి. తోటంటే ఎన్నో ఎకరాలనుకునేరు. నీళ్ల గొట్టాల పక్కన పన్నెండు అడుగుల పొడుగు, మూడు అడుగుల వెడల్పు. మంచులంక మొత్తానికి తమలపాకు తీగలున్నది అక్కడే. మా అమ్మమ్మ పెట్టిన తీగె. మూడు నెలలు మనిషి కనపడకపోతే ఆ జాగా సోయా పండించే వాళ్లకి పోతుందని రూలు. మా ఆయనకి అప్పజెప్పవచ్చు కదా అన్నారు మీరు. మా ఆయన చెయ్యి తగిలితే నాచు కూడా ఎండుతుంది.

ఎముకకి దెబ్బ తగలాలి, అప్పుడే అది గట్టిపడుతుంది అని చెప్పి మీరు మూడు దారులు చూపించారు. రాళ్లు కొట్టడం, మెట్ల హాల్లో సీసం మూట కట్టుకుని దూకడం, ఆడవాళ్ల ఐస్ హాకీ. హాకీ పోస్టర్లో నలుగురు ఆడవాళ్లు నవ్వుతున్నారు. రాళ్లు కొట్టే పోస్టర్లో ఎవరూ నవ్వడం లేదు. అందుకని హాకీ.

మూడో నమోదు

రెండో నమోదు రాయలేదు. చెయ్యి ఎత్తలేకపోయాను.

హాకీలో చేరడానికి రెండే షరతులు, తలుపు మీద రాసి ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు నిండాలి. పడ్డాక లేవాలి. మొదటిది చూసి ధీమాగా లోపలికెళ్లాను.

మా పేట దిగువలంక జట్టు కెప్టెన్ భ్రమరాంబగారు. యాభై రెండేళ్లు. లోతు బావి లిఫ్టు నడుపుతుంది కాబట్టి ఊళ్లో అందరికీ తెలుసు, మాట్లాడగా మాత్రం ఎవరూ వినలేదు. నాకు సీసం చొక్కా తొడిగింది. అది లేకపోతే ఒక్క తోపుకి కప్పుకి తగులుతామట. స్కేట్లు కట్టింది. నన్ను మంచు మీద నిలబెట్టి వదిలేసింది.

ఇక్కడ పడటం చాలా నిదానం. పడుతున్నానని తెలుస్తుంది. ఎటు పడుతున్నానో తెలుస్తుంది. ఎవరెవరు చూస్తున్నారో ఒక్కొక్కళ్లనీ గుర్తుపట్టి, సిగ్గుపడి, మొహం సర్దుకుని, ఆ తరవాత నేలని చేరొచ్చు. గోడ సంగతి వేరు. ఒంటి బరువు ఏడో వంతే కదా అని గోడ మనకి ఏడో వంతు తగలదు. వేగంగా వెళ్తే మొత్తం తగులుతుంది.

“లే. మళ్లీ,” అంది భ్రమరాంబగారు.

లేచాను. పడ్డాను.

“లే. మళ్లీ.”

ఆవిడకి వచ్చిన మాటలు ఆ రెండే అనుకుంటాను. ఆవిడ మాత్రం పదకొండేళ్లుగా ఆడుతోంది, ఒక్కసారంటే ఒక్కసారి కూడా పడలేదట. పెనం మీద వెన్నముద్ద జారినట్టు జారిపోతుంది. ఆవిడని చూస్తుంటే అసూయ కూడా పుట్టదు, ఏడుపే వస్తుంది.

గోలు కాసేది నాగరత్నం. టిఫిన్ హోటల్ ఆవిడదే. గోలంతా తనే నిండిపోతుంది, ఆడే రబ్బరు బిళ్ల పట్టడానికి చోటు మిగలదు. నేను పడ్డ చోటికి వచ్చి పైనుంచి తొంగి చూసింది.

“ఏటండీ సత్యవాణిగారూ, తమలపాకులు కోసుకోక మీకెందుకండీ ఈ గొడవ?”

“ఎముకలు, నాగరత్నం.”

“అయ్యో, అందరం ఎముకల కోసం వచ్చినోళ్లమేనండి. ఆటకోసం ఎవరొచ్చారు?”

నొప్పి: ఎక్కడ లేదో చెప్పడం తేలిక. ఎడమ చెవికి లేదు.

ఆరో నమోదు

మీరు భూమ్మీద చదువుకుని వచ్చారు కాబట్టి ఈ మాట మీకు తెలియకపోవచ్చు. ఇక్కడ పడుకున్న మనిషిని దాటకూడదు. దాటితే దాటినవాళ్లే మళ్లీ వెనక్కి దాటాలి. మీ భూమ్మీద పిల్లల్ని దాటితే పొడుగెదగరని అనేవారట. ఇక్కడ పదేళ్ల పిల్లలే గుమ్మానికి తల తగిలేటంత పెరుగుతుంటే ఆ మాట ఎవరు నమ్ముతారు? అందుకని మా అమ్మమ్మల కాలంలోనే దాన్ని ఎముకల మీదికి మార్చుకున్నారు. దాటితే ఎముక పలచబడుతుంది, వెనక్కి దాటితే సరి.

ఒక్క గెంతుకి మనిషి నెత్తిమీదుగా వెళ్లిపోగల ఊళ్లో ఈ పద్ధతి లేకపోతే ఎవరికీ మర్యాద దక్కేది కాదు. చిన్నప్పుడు మా తమ్ముడు నన్ను దాటేసి పారిపోతే, వాడు వెనక్కి దాటేవరకూ అన్నం ముట్టలేదు నేను. నన్ను ఇప్పుడెవరైనా నమ్ముతావా అని అడిగితే నవ్వుతాను. నవ్వి, పక్కకి తప్పుకుని కూర్చుంటాను.

దీనితో హాకీకి పనేమిటంటే, నేను పడతాను. హాలు మధ్యలో పడతాను. బిళ్ల తీసుకుని ముందుకి దూసుకెళ్లే మనిషి దారిలో పడతాను. పాపం ఆ పిల్ల నన్ను దాటుతుంది. దాటి, రెండడుగులు వెళ్లి, గుర్తొచ్చి, బిళ్లని అక్కడే వదిలేసి, వెనక్కొచ్చి మళ్లీ దాటుతుంది. ఇవాళ ప్రాక్టీసులో సగం సేపు నన్ను అటూ ఇటూ దాటడంతోనే సరిపోయింది.

ఇంకో అలవాటు నాది. ఎవరికైనా నా కాలు తగలగానే చెయ్యి దానంతటదే వాళ్లని తాకి కళ్లకద్దుకోబోతుంది. చేతిలో కర్ర ఉందని గుర్తుండదు. ఇవాళ మూడుసార్లు నా మొహం మీద నేనే కొట్టుకున్నాను. డాక్టరుగారూ, దవడ ఎముక కూడా లెక్కలోకి వస్తుందా?

ఎనిమిదో నమోదు

ఇవాళ శుక్రవారం. తలంటు లేదు.

బయటి మంచు ఉత్త బండరాయి. దాని మీద స్కేటు జారదు, గీరుకుంటుంది. హాల్లో మంచుని కాస్త వెచ్చబెడితేనే జారుతుంది. ఆ వేడి ఎవరో ఒకరు వదులుకోవాలి కదా. అందుకని జట్టులో చేరిన ప్రతి మనిషీ శుక్రవారం తలంటు వేడినీళ్ల వాటా హాలుకి ఇచ్చెయ్యాలి. నెల రోజుల నుంచి చన్నీళ్లతో మొహం కడుక్కుని, తలకి నూనె రాసుకుని, కుంకుడుకాయలు చూసి నిట్టూరుస్తున్నాను. జడ పుల్లలా నిలబడుతోంది.

మా ఆయన సూర్రావు తలుపు దగ్గరే ఆగిపోయాడు.

“హెల్మెట్ తీసెయ్యకు,” అన్నాడు. “అవతలి జట్టోళ్లు బిళ్ల వదిలేసి పారిపోతారు. ఆ ఒక్క ఎత్తు చాలు మీకు.”

“నవ్వు. నేను తిరగలికి పోతే తీగెలకి నువ్వే నీళ్లు పెట్టాలి.”

అతని నవ్వు ఆగిపోయింది. పోయినసారి నేను జ్వరంతో పడుకున్నప్పుడు తీగెలకి అన్నం గంజి పోశాడు. బలం కోసమట.

సాయంత్రం నేను తీగె మీద పండుటాకులు గిల్లుతుంటే సోయా వాళ్లు ఇద్దరు వచ్చి టేపు పట్టుకుని జాగా కొలుచుకున్నారు. ఊరికే కొలుస్తున్నాం పిన్నిగారూ అన్నారు. వాళ్లకి ఆకులు వక్క వేసి ఇచ్చాను. నములుతూ మళ్లీ కొలిచారు. వాళ్లు వెళ్లాక తీగె మొదట్లో కూర్చుండిపోయాను. ఎప్పుడూ లేనిది, అమ్మమ్మ మీద కోపం వచ్చింది. ఇంత నాజూకు తీగె ఎందుకు పెట్టావు, ఏ గోంగూరో పెట్టకపోయావా అని.

పదకొండో నమోదు

మొదటి మ్యాచ్. పైలంక జట్టుతో. తొమ్మిది సున్నా. ఆ సున్నా మాది.

పైలంక వాళ్లకి కెప్టెన్ హైమవతి, బడిలో లెక్కల టీచరు. నేను ఎక్కడ పడతానో ఆవిడకి నాకంటే ముందు తెలిసిపోతోంది. బిళ్లని నా అవతలికి తోసేస్తుంది. మావాళ్లు నన్ను దాటి వెళ్లాలి, మళ్లీ దాటి రావాలి. ఈలోగా గోలైపోతుంది. పైలంక వాళ్లు మాత్రం ఏం తక్కువ మర్యాదస్థులు కాదు. వాళ్లూ నన్ను దాటితే వెనక్కి దాటుతారు, కాకపోతే గోలు కొట్టాక తీరిగ్గా వచ్చి దాటుతారు.

మ్యాచ్ అయ్యాక బట్టల గదిలో ఎవరూ నావైపు చూడలేదు. చివరికి ఎవరో, ఎవరో ఎందుకు, లీలావతి, అనేసింది.

“సత్యవాణక్కని బెంచీ మీద కూర్చోబెడితే బాగుంటది కదండీ. మధ్యలో అడ్డంగా పడిపోతావుంటే మేం ఎట్టా ఆడాలి?”

ఇరవై నాలుగేళ్ల పిల్ల. నిజమే చెప్పింది. నిజం కాబట్టే చురుక్కుమంది. బెంచీ మీద కూర్చుంటే ఎముకకి దెబ్బ ఎక్కడినుంచి వస్తుంది? బెంచీ మీద మూడు నెలలు కూర్చుని, అక్కణ్ణుంచి నేరుగా తిరగలికి పోవచ్చు. నేను స్కేటు తాడు విప్పుతున్నట్టు నటిస్తూ తల దించుకున్నాను.

భ్రమరాంబగారు స్కేట్ల మీది మంచు తుడుచుకుంటోంది. తల ఎత్తకుండానే అంది.

“పడ్డాక లేస్తోంది కదా.”

“లేస్తోందనుకోండి, కానీ...”

“తలుపు మీద అంతే రాసుంది.”

ఆ మాటతో ఆ విషయం అయిపోయింది. ఆవిడ అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం జట్టులో ఎవరూ ఎరగరట. నాకు ఏడుపొచ్చింది. హెల్మెట్ లోపల ఏడిస్తే కన్నీళ్లు తుడుచుకోవడం కుదరదని కూడా తెలిసింది.

పద్దెనిమిదో నమోదు

మధ్యలో ఇంకో నాలుగు మ్యాచ్‌లు అయ్యాయి. అన్నీ ఓడిపోయాం. ఓడిపోవడంలో కూడా ఎదుగుదల ఉంటుందని ఇప్పుడే తెలిసింది. తొమ్మిదితో ఓడినవాళ్లం ఒకటితో ఓడుతున్నాం.

నాకు తిరగడం వచ్చింది. ఎడమవైపుకి మాత్రమే. కుడివైపు వెళ్లాలంటే ఎడమవైపుగా చుట్టూ తిరిగి వస్తాను. ఆగడం ఇంకా రాలేదు. గోడ ఉండగా ఆగడం నేర్చుకోవడమెందుకు? భ్రమరాంబగారు తిట్టదు. గోడ దగ్గరకొచ్చి నిలబడి “లే. మళ్లీ” అంటుంది, అంతే. ఒకసారి బిళ్ల నా కర్రకి తగిలి గోలు వైపు వెళ్లింది కూడా. మా గోలు వైపే అనుకోండి. నాగరత్నం ఆపింది.

“చెప్పి కొట్టండి సత్యవాణిగారూ,” అంది. “మీరు ఇటు కొడతారని నాకేటి తెలుసు?”

అయినా జట్టులో నవ్వారు, నేనూ నవ్వాను. పోస్టర్లో ఆడవాళ్లు ఎందుకు నవ్వుతున్నారో అప్పుడు అర్థమైంది.

నొప్పి: ఉంది. దాన్ని పట్టించుకోవడం మర్చిపోతున్నాను.

ఇరవై మూడో నమోదు

మీ చీటీ అందింది. దిగువలంక వాళ్లందరికీ వచ్చే శనివారం ఎముకల పరీక్ష అన్నారు. యాభై నిండినవాళ్లకి ఏటా చేసేదీ, నాలాంటి వాయిదా కేసులదీ ఒకే రోజు. శుక్రవారం పైలంకతో ఆఖరి మ్యాచ్. నా తలరాతలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

ఇవాళ ప్రాక్టీసు అయ్యాక, మూడు రోజుల నుంచి గొంతులో తిరుగుతున్న మాట బయటపెట్టాను.

“శుక్రవారం నేను పడితే నన్ను దాటెయ్యండి. వెనక్కి రాకండి.”

నాగరత్నం చేతిలో గ్లవ్ కిందపడింది. అది నేలని చేరడానికి మామూలుగా పట్టేంత సేపూ అందరం దాన్నే చూశాం.

“తప్పండీ,” అంది. “శనివారం పొద్దున్నే మీకు పరీక్షండి. శుక్రవారం మిమ్మల్ని దాటేసి ఒదిలేత్తామా? మనుషులమేనా మేము?”

“అదంతా ఉత్త మాట నాగరత్నం. నేను నమ్మను.”

“నమ్మరా? మొన్న సూర్రావుగారు మిమ్మల్ని దాటితే చపాతీ కర్రుచ్చుకుని ఎంటపడ్డారంట కదండీ!”

మంచులంకలో గోడలు పలచన. సరే, నమ్ముతాను. నిజం చెబుతున్నాను డాక్టరుగారూ, నమ్ముతాను. పగలంతా మీరు చెప్పినదీ, దీపం ఆర్పాక అమ్మమ్మ చెప్పినదీ నమ్ముతాను. తోట పోతుందని నాకు భయం ఉంది. కానీ నా ఒక్కదాని కోసం ముగ్గురు ఆడవాళ్లు నాలుగు నెలలుగా ముందుకెళ్లి వెనక్కొస్తున్నారు. తలంటు మానుకుని, ఒళ్లు హూనం చేసుకుని, గోలు దాకా వెళ్లి నా దగ్గరికి తిరిగొస్తున్నారు. ఒక్క మ్యాచ్ అయినా వెనక్కి చూడకుండా ఆడాలని వాళ్లకి మాత్రం ఉండదా?

ఇదంతా వాళ్లకి చెప్పలేదు. “దాటకపోతే నేను ఆడను” అని మాత్రం అన్నాను.

లీలావతి వచ్చి నా పక్కన కూర్చుంది. “నేను దాటనక్కా,” అంది. బెంచీ మీద కూర్చోబెట్టమన్నది ఈ పిల్లే. “దాటుతావు,” అన్నాను. భ్రమరాంబగారు అందరికంటే ముందు లేచి వెళ్లిపోయింది.

ఇరవై ఐదో నమోదు

గెలిచాం.

ముందు అది రాసేశాను, ఆగలేక. ఇప్పుడు మొదటినుంచి చెబుతాను.

మొదటి విడతలోనే పడ్డాను. లీలావతి బిళ్లతో వస్తోంది. నా దగ్గరకొచ్చి తడబడింది. “పో!” అని అరిచాను. కళ్లు మూసుకుని దాటేసింది. వెనక్కి రాలేదు. గోలు కొట్టింది. కొట్టాక నావైపు తిరిగి చూసిన చూపు, ఇంట్లో ఖరీదైన గిన్నె పగలగొట్టిన పిల్ల చూపు. నాకు కాళ్ల నుంచి చల్లగా ఏదో పాకినట్టయింది. మంచు మీద పడుకున్నాను కాబట్టి అది మంచు అయ్యుండాలి.

అది చూసి హైమవతి ఒక క్షణం నిలబడిపోయింది. లెక్క తప్పింది కదా. ఆ తరవాత వాళ్లు కూడా దాటేసి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. ఎవరికీ తీరికగా వచ్చి దాటే టైం లేదు. రెండో విడత అయ్యేసరికి ఎంతమంది నన్ను దాటారో నేను లెక్కపెట్టడం మానేశాను. స్కోరు రెండు, రెండు.

చివరి విడత ఇంకాసేపట్లో అయిపోతుందనగా నేను ఎలాగో వాళ్ల గోలు ముందుకి చేరుకున్నాను. ఎలాగో అంటే, ఆగడం రాక. వాళ్ల గోలు కాసే మనిషిని ఢీకొట్టాను, ఆవిడ ఒక పక్కకి, నేను గోలు ముందు అడ్డంగా. ఎదురుగా భ్రమరాంబగారు బిళ్లతో వస్తోంది. గోలు ఖాళీ. మధ్యలో నేను.

భ్రమరాంబగారి సంగతి చెప్పాలి. ఆవిడ ఎవరినీ దాటదు. అవసరం లేదు, అంత బాగా పక్కనుంచి తిరిగి వెళ్లిపోతుంది. పదకొండేళ్లలో ఆవిడ ఎవరినీ దాటలేదు, పడలేదు కాబట్టి ఆవిడనీ ఎవరూ దాటలేదు. ఇప్పుడు పక్కనుంచి వెళ్లడానికి చోటు లేదు, హైమవతి వచ్చేస్తోంది. ఆవిడ వేగం తగ్గించింది. నా మొహంలోకి చూసింది.

“దాటెయ్యండి!” అని అరిచాను. “వెనక్కి రావద్దు! వస్తే కాలు పట్టుకుని లాగుతాను!”

సీసం చొక్కాతో సహా ఆవిడ నా మీదుగా గాలిలో వెళ్లింది. ఎంత నిదానంగా వెళ్లిందంటే, ఆవిడ స్కేటుకి అంటిన మంచు పొడి రాలి నా మొహం మీద పడటం కూడా చూశాను. బిళ్ల లోపలికి వెళ్లిన చప్పుడు వినపడింది. ఆ తరవాత అందరూ వచ్చి మీద పడ్డారు.

ఆ సంబరంలో ఎవరికీ ఏమీ గుర్తు లేదు. నాకూ గుర్తు లేదు. ఇంటికొచ్చి తీగెలకి నీళ్లు పెడుతుంటే గుర్తొచ్చింది. ఎవరూ వెనక్కి దాటలేదు.

ఇరవై ఆరో నమోదు

ఇవాళ జరిగింది మీ కళ్లముందే జరిగింది కదా, మళ్లీ రాయడమెందుకంటారు. మీరు అరవడంలో ఉన్నారు, సగం చూడలేదు. అందుకని రాస్తున్నాను.

మీరు నన్ను స్కాన్ బల్ల మీద పడుకోబెట్టారు. కదలకండి అన్నారు. మిషను గుయ్యిమంటోంది. నేను కప్పు వైపు చూస్తూ తీగెలకి ఒక్కొక్క పాదుకీ మనసులో వీడ్కోలు చెప్పుకుంటున్నాను. అప్పుడు తలుపు తెరుచుకుంది.

ముందు నాగరత్నం. దోసెల పిండి చేతులతోనే వచ్చేసింది.

“ఆగండి డాక్టరమ్మా! మిషను ఆపండి! నిన్న దాటేశామండి, ఎనక్కి రాలేదండి!”

“ఎవరమ్మా మీరు? ఏమిటిది? బయటికి నడవండి!” అని మీరు అరుస్తుండగానే లీలావతి నా మీదుగా గెంతేసింది. సీసం చొక్కా లేదన్న సంగతి మర్చిపోయి బలంగా గెంతింది. నెత్తి కప్పుకి తగిలింది. తరవాత ఇంకో ఇద్దరు. తరవాత, మీరు నమ్మరు, పైలంక హైమవతి.

“నేను రెండుసార్లు దాటాను,” అంది, బడిలో చెప్పినట్టు గంభీరంగా. రెండుసార్లూ వెనక్కి దాటింది. నాగరత్నం ఆటలో గోలు వదిలి ఎప్పుడూ కదల్లేదు కాబట్టి నన్నెప్పుడూ దాటలేదు. అయినా ఉండబట్టలేక అటొకసారి, ఇటొకసారి దాటింది. ఆ గాలికి మీ కాగితాలు ఎగిరాయి.

నేను బల్ల మీద పడుకుని నవ్వాను. కదలకూడదని తెలిసి కూడా నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. మీరు మిషను ఆపేసి, “అంతా చెరిగిపోయింది, ఒక్క ఎముకా కనపడటం లేదు!” అని తల పట్టుకున్నారు.

భ్రమరాంబగారు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. నాకంటే ముందు ఆవిడకే పరీక్ష అయింది. తలుపులోంచి నాకు కనపడుతోంది. అందరూ అయ్యాక లేచి వచ్చింది. అందరిలా గెంతలేదు. బల్ల అంచు మీద చెయ్యి వేసి, నాకు గాలి కూడా తగలకుండా అటువైపు దిగింది. అంత అందంగా నన్నింకెవరూ దాటలేదు. దిగి, అటు తిరిగే నిలబడి అంది.

“నాకు యాభై ఏడు.”

నాగరత్నం చేతులు చీరకి తుడుచుకుంటున్నది ఆపేసింది. మీరు కూడా అరవడం ఆపేశారు.

అప్పుడు మీరు అందరినీ బయటికి పంపి నాకు మళ్లీ స్కాన్ తీశారు. అరవై నాలుగు. మిషను మీద నమ్మకం లేక ఇంకోసారి తీశారు. అరవై నాలుగే. తోట నాదే. ఎగిరి కప్పుకి తగలాల్సిన మనిషిని, బల్ల మీద లేచి కూర్చుని “మరి ఆవిడకి?” అన్నాను.

“ఆవిడ జారుతుంది సత్యవాణిగారూ,” అన్నారు మీరు. “జారితే ఎముకకి ఏమీ అందదు. తగలాలి. మీరు నాలుగు నెలలుగా గోడకీ నేలకీ తగులుతూనే ఉన్నారు. ఆవిడకి పదకొండేళ్లుగా ఏదీ తగల్లేదు.”

బయటికొచ్చి ఈ మాట అందరికీ చెప్పాను. అందరికంటే ఎక్కువ దాటించుకున్న ఎముకలు గట్టిపడ్డాయి, ఎవరూ దాటని ఎముకలు పలచబడ్డాయి. ఇంతటితో అమ్మమ్మల మాట అబద్ధమని తేలిపోయింది కదా అన్నాను.

నాగరత్నం తల అడ్డంగా ఊపింది.

“అబద్ధమెందుకవుద్దండీ?” అంది. “ఎనక్కి దాటాకే కదండీ స్కాన్ తీశారు. మొదటిది చెరిగిపోయింది కదా. ఎనక్కి దాటినప్పుడు బలం కొద్దిగా ఎక్కువైపోయుంటది. నేనొకటి ఊరికే దాటాను కదా.”

దీనికి మీ దగ్గర సమాధానం ఉంటే నాకు రాసి పంపండి.

ఇరవై ఏడో నమోదు

ఇక రాయక్కర్లేదు అన్నారు మీరు. అలవాటైపోయింది.

తిరగలిలో ఇప్పుడు కూడా మంచాలు లేవు. భ్రమరాంబగారికీ నాలుగు నెలలు వాయిదా ఇచ్చారు. నిన్న నేను ఆవిడ లిఫ్టు దగ్గరికి వెళ్లాను. తమలపాకులు ఇచ్చాను. ఇద్దరం నమిలాం. ఆవిడ ఏడాదిపాటు లేకపోతే ఆ హాలు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పడ్డవాళ్లని పక్కకి లాగి బెంచీ మీద కూర్చోబెట్టే హాలు.

“రేపు ప్రాక్టీసుకి ముందు రండి,” అన్నాను. “నేను నేర్పుతాను.”

“ఏమిటి?”

“నాకు వచ్చిందొక్కటే కదండీ.”

ఇవాళ మేమిద్దరమే. ఆవిడ మంచు మీదికొచ్చి నిలబడింది. పడండి అన్నాను. పడటం రాదు ఆవిడకి. ఒళ్లు ఒప్పుకోవడం లేదు. ఒరిగేలోపే కాలు దానంతటదే సర్దుకుంటుంది, ఒక చక్కటి వంపు తిరిగి మళ్లీ నిలబడుతుంది. నేను చేసి చూపించాను. మోకాలు వదిలెయ్యాలి, గోడని నమ్మాలి, సిగ్గుపడే పని కిందపడ్డాక పెట్టుకోవాలి. ఇంత శ్రద్ధగా నేనెప్పుడూ ఎవరికీ ఏదీ నేర్పలేదు. జీవితంలో ఒక విద్యలో నేను గురువునవుతానని మా అమ్మ ఎన్నడూ అనుకుని ఉండదు.

చివరికి ఆవిడ కళ్లు మూసుకుని గోడ వైపు తోసుకుంది. తగిలింది. నిదానంగా, చాలా నిదానంగా, వెల్లకిలా మంచు మీదికి దిగింది. హెల్మెట్ పక్కకి ఒరిగింది. యాభై రెండేళ్ల మొహంలో మొదటిసారి పడ్డ మనిషి ఆశ్చర్యం. నేను ఆవిడని దాటకుండా చుట్టూ తిరిగి, ఎడమవైపు నుంచే అనుకోండి, తల దగ్గరకొచ్చి నిలబడ్డాను.

“ఎలా ఉంది?” అంది భ్రమరాంబగారు.

“మెత్తగా పడ్డారు,” అన్నాను. “లేవండి. మళ్లీ.”